ఉత్తి కంటితో చూసిన నిప్పు

బాయిలర్ పనిలో చేరడానికి వచ్చిన కుర్రాళ్ళు మొదట అడిగేది ఒకటే: "పేలుతుందా సార్?"

పేలుతుంది. కాని భయపడవలసింది అందుకు కాదు. ఏళ్ళ తరబడి పేలకుండా ఉంటుందే, దానికి భయపడాలి. పేలని ప్రతి రోజూ మనిషిని కొంచెం కొంచెం బద్ధకస్తుణ్ణి చేస్తుంది. నా ఉద్యోగమంతా ఆ బద్ధకంతో కుస్తీ పట్టడమే. గెలిచానని చెప్పలేను. అలిసిపోయానని మాత్రం చెప్పగలను.

నేను విశాఖపట్నంలో, వన్ టౌన్ దాటాక పోర్టు వైపున్న ఒక నూనె మిల్లులో బాయిలర్ అటెండెంటుగా చేశాను. డెబ్బైలలో చేరాను, ఎనభైల చివర బయటపడ్డాను. మిల్లు పేరు రాయను. అదిప్పుడు లేదు. వేరుశనగ గానీ నువ్వులు గానీ, గింజని ప్రెస్సులోకి పంపేముందు ఆవిరిలో ఉడికించాలి. ఆ ఆవిరి తయారుచేసేది మేము. పొడుగాటి ఇనప పీపా, దాని కడుపులో రెండు పొయ్యిలు, పొయ్యిల చుట్టూ నీళ్ళు. పారతో బొగ్గు విసరాలి, కాలిన బొగ్గు గడ్డకట్టిన చిట్టెం గునపంతో పీకాలి, నీటి మట్టం చూసుకుంటూ ఉండాలి. పని మొత్తం ఇంతే. సర్టిఫికెట్ పరీక్షలకి పుస్తకాలున్నాయి, అవి చదువుకోండి. పుస్తకాల్లో లేనిది కొంత రాస్తాను.

కథ లేని దేవత

నేను స్కూలు ఫైనలు దాటలేదు. కాని షిఫ్టు దిగాక ఇంటికి పోయేవాణ్ణి కాదు, గ్రంథాలయానికి పోయేవాణ్ణి. మసి గోళ్ళతో పుస్తకాలు పాడుచేస్తానని లైబ్రేరియన్ మొదట్లో విసుక్కునేవారు. తరవాత తనే నా కోసం పుస్తకాలు తీసి పక్కన పెట్టేవారు. నిఘంటువు ఒక పక్క, లావుపాటి ఇంగ్లీషు సంపుటం ఒక పక్క పెట్టుకుని ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం ఖర్చుపెట్టాను. ఎంతసేపూ నిప్పు దేవుళ్ళ గురించే చదివేవాణ్ణి. పొద్దస్తమానం ఎవరితో కాపురం చేస్తున్నానో వాళ్ళ వంశం తెలుసుకోవాలి కదా.

గ్రీకులకి హెస్టియా అని ఒక పొయ్యి దేవత ఉంది. మిగతా దేవుళ్ళందరికీ బోలెడు కథలు: యుద్ధాలు, ప్రేమలు, శాపాలు. ఆవిడకి కథే లేదు. పొయ్యి దగ్గర కూర్చుంటుంది, లేవదు. కాని ఏ పూజలోనైనా మొదటి ముద్ద ఆవిడకే. రోము నగరం వాళ్ళు ఆవిణ్ణే వెస్టా అన్నారు. ఊరందరికీ కలిపి ఒక నిప్పు పెట్టి, ఆరకుండా కాపలా కాశారు. ఏడాదికోసారి ఆ నిప్పుని కొత్తగా వెలిగించుకునేవారట.

అది చదివిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే మా మిల్లులోనూ అదే జరిగేది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ తనిఖీ కోసం నిప్పంతా లాగేసి, బాయిలర్ని చల్లార్చి, లోపల గీకి శుభ్రం చేసేవాళ్ళం. మళ్ళీ వెలిగించేటప్పుడు అగ్గిపుల్ల గీసేవాళ్ళం కాదు. అందరికన్నా సీనియర్ ఫైర్‌మేన్ ఇంటి పొయ్యిలోంచి నాలుగు నిప్పులు, బూడిద కప్పిన కుండలో, వాళ్ళింటి ఆడమనిషి తెచ్చి ఇవ్వాలి. ఆ నిప్పుతోనే పొయ్యి అంటించాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. రోము సంగతి మా ఇంజనీరు రంగనాథం గారికి చెబితే, "వాళ్ళు కూడా అగ్గిపెట్టెలు దొంగతనం పోతాయని చేసుంటారయ్యా" అన్నారు.

ఆ దేవతకి కథ ఎందుకు లేదో మాత్రం ఈ పనిలో ఉన్నవాడికే అర్థమవుతుంది. మన పని మనం సరిగ్గా చేస్తే చెప్పుకోడానికి ఏమీ మిగలదు. బాయిలర్ అటెండెంటు గురించి ఊళ్ళో కథ పుట్టిందంటే ఎవడో చచ్చాడన్నమాట.

సన్యాసి, నీలం అద్దం

మా సీనియర్ ఫైర్‌మేన్ పేరు సన్యాసి. విజయనగరం దాటాక ఒక పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డ. మల్కాపురంలో కాపురం. నాకన్నా పెద్దవాడు, కాని మొదటి రోజు నుంచీ "బావా" అనే పిలిచాడు. నేనూ చనువుకొద్దీ 'ఒరే' అనేవాణ్ణి. పొయ్యి తలుపు తీసి ఒక్క చూపు చూసి నిప్పు ఎలా ఉందో చెప్పేవాడు. మా దగ్గర రంగులకి వేరే పేర్లుండేవి. మసక ఎరుపుగా ఉంటే కుంకం. మంచి ఎరుపెక్కితే దొండపండు. పసుపు తిరిగితే మావిడిపండు. తెల్లబడితే పెరుగు, అప్పుడు గాలి తగ్గించాలి. దొండపండుకీ మావిడిపండుకీ మధ్య నిలబెట్టడమే మంచి ఫైర్‌మేన్ పని.

ఒక తనిఖీలో ఇన్‌స్పెక్టర్, పొయ్యిలోకి ఉత్తి కళ్ళతో చూడకూడదని చెప్పి వెళ్ళారు. రంగనాథం గారు కర్ర చట్రంలో బిగించిన నీలం అద్దం తెప్పించి, పొయ్యి పక్కన మేకుకి తగిలించారు. సన్యాసి దాన్ని ముట్టుకోలేదు.

"అద్దమెట్టుకుని సూస్తే అన్ని రంగులూ ఒకటే బావా. దొండపండూ నేదు, పెరుగూ నేదు. ఆ మాత్రం దానికి సూడ్డం ఎందుకు?"

"కళ్ళు పోతాయిరా నాయనా."

"అగ్గిదేవుడికి ముసుగేసుకుని ఎదురెల్తావేటి? నానేటి కొత్త పెళ్ళికూతుర్నా?"

అతని మాటలో సగం నిజముంది. నీలం అద్దంలోంచి రంగు తేడా తెలియదు. ఈ పనిలో వచ్చే పేచీలన్నీ ఇలాంటివే. పూర్తిగా తప్పు మాట్లాడేవాడితో తగువు తేలిక. సగం నిజం చేతిలో ఉన్నవాడితో కష్టం.

అగ్ని పారిపోయిన కథ

మధ్యాహ్నం అన్నాలప్పుడు బాయిలర్ గది బయట బొగ్గుకుప్ప నీడన కూర్చునేవాళ్ళం. నేను చదివినవి అక్కడే చెప్పేవాణ్ణి. సన్యాసికి బాగా నచ్చిన కథ మన వేదాల కాలందే.

అగ్నికి అన్నలు ఉండేవారు. మనుషులిచ్చే హవిస్సు మోసుకెళ్ళి దేవతలకి ఇవ్వడం వాళ్ళ ఉద్యోగం. మోసి మోసి వాళ్ళు నశించిపోయారు. ఆ పని ఇప్పుడు తమ్ముడి నెత్తిన పడింది. నాకూ అదే గతి పడుతుందని భయపడి అగ్ని పారిపోయి నీళ్ళల్లో దాక్కున్నాడు. దేవతలు లోకమంతా వెతికారు. చివరికి ఒక చేప పైకొచ్చి, ఇదిగో ఇక్కడున్నాడని చెప్పేసింది. అగ్నికి కోపం వచ్చి, నిన్ను మనుషులు పట్టుకుని చంపుదురుగాక అని చేపని శపించాడు. దేవతలతో మాత్రం బేరమాడాడు: సరే, వస్తాను, కాని నాకు ఆయుష్షూ కావాలి, హవిస్సులో వాటా కావాలి.

సన్యాసి పడీపడీ నవ్వాడు. "నీళ్ళల్లో దాక్కున్న అగ్గి! మన బాయిలరే గదేటి బావా!" నవ్వు ఆపుకుని, "డూటీ ఎగ్గొట్టిన దేవుణ్ణి ఇప్పుడే ఇన్నాను. మంచోడే. ఆ సేప మాత్రం ఎదవ సేప" అన్నాడు.

అప్పటికే అతను కోడి చూసినట్టు చూడడం మొదలుపెట్టాడు. ఏదైనా చూడాలంటే తల పక్కకి తిప్పి, ఒక కన్నుతో చూసేవాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి సూర్యుణ్ణి రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఏమిటని అడిగితే అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కు అన్నాడు. మా వైపు కళ్ళకి ఏం వచ్చినా ఆ స్వామి దగ్గరికే వెళతారు. కాని స్వామికి దణ్ణం పెట్టడం వేరు, మండే ఎండలోకి గుడ్లప్పగించడం వేరు.

దానికీ ఒక కథ చెప్పాను. "సూర్యుడి వేడి ఆయన పెళ్ళాం సంజ్ఞే తట్టుకోలేకపోయిందిరా. నీడని తన చోట కూర్చోబెట్టి పారిపోయింది. అప్పుడు మావగారు విశ్వకర్మ అల్లుణ్ణి సానరాయి మీద పెట్టి కొంత తేజస్సు అరగదీశాడు. దేవుడే తన వెలుగు తగ్గించుకున్నాడు. నువ్వొక గాజుముక్క అడ్డం పెట్టుకుంటే నీ పరువు పోయిందా?"

"ఆవిడ ఆడకూతురు బావా. నాను ఫైర్‌మేన్‌ని."

ఇంత చదువూ చదివి ఆ మనిషి చేత ఒక్క రోజు ఆ అద్దం పట్టించలేకపోయాను. కథలు చెబితే మనుషులు వింటారు, మారరు. ఇది తెలుసుకోడానికి నాకు చాలా పుస్తకాలు పట్టాయి.

నిండు గ్లాసు, ఖాళీ గ్లాసు

బాయిలర్లో నీరెంత ఉందో చూపించేది గేజి గ్లాసు. నిలువుగా ఉన్న గాజు గొట్టం. నీళ్ళు సగంలో ఉంటే గీతలా మట్టం కనిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: గ్లాసు పూర్తిగా నిండితే గీత కనబడదు. పూర్తిగా ఖాళీ అయినా గీత కనబడదు. చూడ్డానికి రెండూ ఒకటే. అందుకే కింది కుళాయి తిప్పి చూడాలి. నీళ్ళొస్తే నిండు, ఉత్త ఆవిరొస్తే ఖాళీ.

ఒక మధ్యాహ్నం ప్రెస్సుల దగ్గర ఆవిరి చాలడం లేదని పిలిస్తే వెళ్ళాను. గ్లాసు సన్యాసికి అప్పగించాను. తిరిగొచ్చేసరికి నీటి పంపు ఆపేసి ఉంది.

"ఎందుకు ఆపావు?"

"నిండిపోనాది బావా. సూడు."

చూశాను. గీత లేదు. కుళాయి తిప్పాను. ఆవిరి బుస్సుమంది. చుక్క నీరు రాలేదు.

సన్యాసి గబుక్కున పంపు వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే బాయిలర్ పేలుతుందని అతనికీ తెలుసు. కంగారులో చెయ్యి ముందు వెళ్ళింది. గాలి మూసేసి, తడి బూడిద పారలతో పొయ్యిలో కుమ్మరించి, నిప్పు నోరు నొక్కేశాం. రంగనాథం గారు ఆవిరి పడిపోతోందని అరుస్తూ వచ్చి, మా మొహాలు చూసి నోరు మూసుకున్నారు. ఆయనలో మంచి గుణం అదే. ఎప్పుడు అరవకూడదో తెలుసు. చాలామంది పై అధికారులకి అది తెలియదు.

బాయిలర్ చల్లబడ్డాక గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆ గోడకి అవతల గింజలు చెరిగే ఆడవాళ్ళు పాట పాడుకుంటున్నారు. వాళ్ళకి ఏమీ తెలియదు.

"నిండుదీ ఖాళీదీ ఒకలాగే ఉంటాది గదా బావా" అన్నాడు సన్యాసి. "ఎవుడైనా పొరపాటు పడతాడు."

అది మళ్ళీ సగం నిజం. కాని గీత సగంలోంచి దిగుతున్నప్పుడే అతనికి కనబడి ఉండాలి. కనబడలేదు. కుళాయి తిప్పకపోవడం కూడా అందుకే. వచ్చింది నీళ్ళో ఆవిరో కళ్ళతో తేల్చుకోలేనని అతనికి తెలుసు.

సాయంత్రం మల్కాపురం వెళ్ళాను. సన్యాసి ఇంట్లో లేడు. అతని భార్య అప్పలనరస పొయ్యి ముందు కూర్చుని చేపలు తోముతోంది.

"నిజం చెప్పు చెల్లెమ్మా. వాడికి ఎంత కనబడుతోంది?"

ఆవిడ చెయ్యి ఆగింది. "దీపం సుట్టూరా గుండ్రంగా రంగులు కనపడతన్నాయంట అన్నయ్యా. మొన్న నా మొకం అనుకుని గోడతో మాటాడినాడు. ఎవుళికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. పని పోతే మరేటి తింటాం?"

మర్నాడు బొగ్గుకుప్ప దగ్గర సన్యాసిని పట్టుకున్నాను. ఈసారి అబద్ధమాడలేదు.

"రతసప్తమి దాకా ఆగు బావా. అరసవల్లి ఎల్లి, జిల్లేడాకులెట్టుకుని తానం సేత్తాను. సావి సూపు ఇస్తాడు. అప్పటికీ నేకపోతే నువ్వే సెప్పుకో, నాను కాదన్ను."

అతని ఉద్యోగం, ఇంటి తిండి నా ఒక్క మాట మీద ఉన్నాయి. గోడ అవతల పాట కూడా నా మాట మీదే ఉంది. రథసప్తమికి ఇంకా చాలా రోజులున్నాయి. నేను ఆగలేదు.

చేప

రంగనాథం గారికి చెప్పాను. ఒక షరతు పెట్టాను: అతన్ని పనిలోంచి తియ్యకూడదు, వేరే పనిలో వెయ్యాలి. అగ్ని వాటా అడిగినట్టే అతని వాటా నేనడిగాను. ఆయన ఒప్పుకున్నారు. కంటి డాక్టరు శుక్లాలన్నాడు, ఏళ్ళ తరబడి నిప్పు చూసినవాళ్ళకి వస్తాయన్నాడు. సన్యాసిని గోతాలు కుట్టే షెడ్డులో వేశారు. అక్కడ చేతి వాటం చాలు, చూపుతో పెద్దగా పనిలేదు.

వెళ్ళే రోజు తన పార గోడకి ఆనించి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కత నువ్వే సెప్పావు కదా. సేపవి నువ్వే."

ఆ రోజు నుంచి అతనికి నేను బావని కాను. ఎదురుపడితే, "ఏం సేపా" అని పక్కకి తిరిగిపోయేవాడు. మిగతావాళ్ళూ పట్టుకున్నారు. ప్రెస్సుల దగ్గర నన్ను చూసి ఎవడో ఒకడు "ఒరే, సేపొస్తంది, వల తియ్యండ్రా" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఇంకేం చెయ్యను?

తరవాత సన్యాసికి ఒక కన్నుకి ఆపరేషన్ అయింది. చీము పట్టి ఆ కన్ను పోయింది. రెండోదాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అదీ మెల్లగా మసకేసింది.

నేను చేసింది తప్పా అని చాలామంది అడిగారు. కాదు. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అదే చెబుతాను. మీరూ చెప్పండి. కాని సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గ్రీకుల నిప్పు దేవుడు హెఫైస్టస్ కుంటివాడు. ఎందుకు కుంటివాడయ్యాడో పండితులు రకరకాలుగా రాశారు, నేను అన్నీ చదివాను. నాకు అంత వివరణ అక్కర్లేదు. నిప్పు దగ్గర చాలాకాలం చేసినవాడు ఎక్కడో ఒకచోట కుంటకుండా ఉండడు.

ఇంటి నిప్పు

ఆ ఏడాది తనిఖీ అయ్యాక పొయ్యి అంటించే రోజు వచ్చింది. నిప్పు ఎవరింటి నుంచి తేవాలో తేలలేదు. ఎవరో అగ్గిపెట్టె తీశారు కూడా. ఇంతలో గేటు దగ్గర అప్పలనరస కనబడింది. నెత్తి మీద కుండ, పైన వేపమండ.

"వాడు పంపాడా?" అన్నాను.

"పంపినాడు. సేపకి కాదు, పొయ్యికి అని సెప్పమన్నాడు."

ఆ తరవాత ప్రతి ఏడూ అలాగే వచ్చింది, అదే మాట చెప్పి కుండ ఇచ్చింది. సన్యాసి అదే ఆవరణలో, షెడ్డులో గోతాలు కుట్టుకుంటూ ఉండేవాడు. ఇటు రాలేదు.

ఎనభైలు సగం దాటాక బొగ్గు తీసేసి ఆయిల్ బర్నరు పెట్టారు. బటన్ నొక్కితే రవ్వ పుట్టి, నూనె భగ్గుమంటుంది. పారలు పాత ఇనుముకి వెళ్ళిపోయాయి. పొయ్యికి తలుపు లేదు; ఒక చిన్న కన్నం, దానికి నీలం అద్దం బిగించి ఉంది. అప్పటికి సన్యాసి చూపు పోయి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇక నిప్పు తేనక్కర్లేదని మల్కాపురం వెళ్ళి చెప్పాలి. వెళదామనుకుంటూనే వెళ్ళలేదు.

మొదటిసారి బర్నరు వెలిగించే రోజు అప్పలనరస వచ్చింది. ఈసారి ఒక్కతీ రాలేదు. ఆవిడ భుజం మీద చెయ్యేసి, వెనకే సన్యాసి. మనిషి సగమయ్యాడు.

రంగనాథం గారు కుండ చూసి, మెల్లగా, "ఇంక అవసరం లేదయ్యా..." అనబోయారు. నేను కుండ అందుకున్నాను. తీసుకెళ్ళి బర్నరు కింద, సిమెంటు గచ్చు మీద పెట్టాను. ఆయన నన్ను చూశారు, కుండని చూశారు, బటన్ నొక్కారు. బాయిలర్ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు మోగింది.

"అంటుకుందా?" అన్నాడు సన్యాసి.

"అంటుకుంది."

"రంగేటి?"

కన్నంలోకి వంగి చూశాను. నీలంగా, తెల్లగా ఏదో ఊగుతోంది. దానికి మా దగ్గర పేరు లేదు.

"ఉత్తి కంటితో సూస్తన్నావా, అద్దంలోంచా?"

"అద్దంలోంచే."

సన్యాసి మొహం మీదికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో నాకు దక్కిన మొదటి నవ్వు.

"అయితే నీకు తెల్దులే బావా" అన్నాడు.

నేను గచ్చు మీద చతికిలబడి, కుండ మీది బూడిద వేలితో తప్పించాను. అడుగున వాళ్ళింటి నిప్పు ఇంకా ఉంది. వంగి, ఏ అడ్డమూ లేకుండా చూశాను.

"దొండపండు" అని చెప్పాను.